ఇంటి షెడ్డులో పెట్రోల్ జనరేటర్లు, పంపులు, గడ్డి మిషన్లు: భద్రతపై తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి పట్టణాల్లోనూ వాటి చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇంటి ముందరి షెడ్డులో ఇప్పుడు కారు, మోటరుసైకిళ్లతో పాటు చిన్న పెట్రోల్ జనరేటరో, బత్తాయి తోటకు తీసుకెళ్లే పవర్ స్ప్రేయరో, గడ్డి కోసే బ్రష్ కట్టరో, పత్తి చేలో కలుపు తీసే పవర్ వీడరో, కాలువ నుంచి నీళ్లు తోడే పంపుసెట్టో కనిపిస్తుంది. పొలంలో పెద్దగా పట్టించుకోనక్కరలేని రెండు ప్రమాదాలు ఈ మిషన్లు ఇంటికి చేరాక మన వెంట పడతాయి. ఒకటి ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు, రెండోది పెట్రోల్ ఆవిరి. కింది ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఆ రెండింటికి సంబంధించినవే. షెడ్డు మిషన్‌ను దాచుకోవడానికే తప్ప నడపడానికి కాదన్నది వీటన్నిటికీ మూలమైన మాట.

షటరు పూర్తిగా ఎత్తి పెట్టి లోపల జనరేటర్ నడిపితే సరిపోదా?

సరిపోదు. పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న మామూలు షెడ్డును లెక్కకు తీసుకుందాం. అందులో సుమారు 57 ఘనమీటర్ల గాలి పడుతుంది. గాలిలో కార్బన్ మోనాక్సైడ్ 1200 పీపీఎంకు, అంటే పది లక్షల భాగాల్లో 1200 భాగాలకు చేరితే అది తక్షణ ప్రాణాపాయ స్థాయి అని వృత్తి ఆరోగ్య నిపుణులు నిర్ణయించారు. మన షెడ్డు ఆ స్థాయికి చేరడానికి 68 లీటర్ల విషవాయువు, తూకంలో చూస్తే 80 గ్రాముల లోపే, చాలు. చిన్న పెట్రోల్ జనరేటర్ గంటకు వందల గ్రాముల కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. కాబట్టి మూసి ఉన్న షెడ్డులో ప్రమాదం గంటల్లో కాదు, నిమిషాల్లోనే ముంచుకొస్తుంది.

షటరు ఎత్తితే కొంత వాయువు బయటికి పోతుందన్నది నిజమే. అయితే మన షెడ్లలో చాలావాటికి మూడు వైపులా గోడలు, ఒక్క వైపే షటరు ఉంటాయి. గాలి ఒక వైపు నుంచి వచ్చి మరో వైపుకు పోయే దారి ఉండదు. గాలి ఎదురుగా వీచినప్పుడు పొగ బయటికి పోవడానికి బదులు వెనక్కి మళ్లి, షెడ్డు నుంచి హాలులోకి ఉన్న తలుపు సందుల గుండా ఇంట్లోకి చేరుతుంది. షెడ్డులో ఉన్నవారికి ఏమీ కాకపోయినా లోపల నిద్రపోతున్నవారు ఆ గాలినే పీలుస్తుంటారు.

పొగ ఎక్కువైతే వాసన, కళ్ల మంట తెలుస్తాయి కదా?

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన, రుచి లేవు. అది కళ్లను మండించదు, దగ్గు తెప్పించదు. పొగలో మనకు తగిలే వాసన సగం కాలిన పెట్రోల్‌ది, ఆయిల్‌ది. ఇంజను మంచి కండిషన్‌లో ఉంటే ఆ వాసన తగ్గిపోతుంది కానీ విషవాయువు మాత్రం వస్తూనే ఉంటుంది. పైగా కొన్ని నిమిషాల్లోనే ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను ఈ వాయువు ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందువల్ల గదిలో ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా మెదడుకు, గుండెకు అందదు.

ఈ వాయువు నేలబారున పేరుకుపోతుందని, కాబట్టి కింద ఒక కన్నం పెడితే చాలని కొందరు నమ్ముతారు. దాని బరువు గాలి బరువుకు దాదాపు సమానం, నిజానికి కాస్త తక్కువే. అది గదంతా సమానంగా కలిసిపోతుంది, వేడి పొగతో పైకి కూడా లేస్తుంది.

మరి జనరేటర్‌ను ఎక్కడ పెట్టాలి?

ఇంటి తలుపులు, కిటికీలు, వెంటిలేటర్ల నుంచి కనీసం ఇరవై అడుగులు, అంటే ఆరు మీటర్ల దూరంలో, ఆరుబయట, సైలెన్సరు మూతి ఇంటికి వ్యతిరేక దిశలో ఉండేలా పెట్టాలి. మన ఇంటి కిటికీలనే కాకుండా పక్కింటివారి కిటికీలను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మన ప్రాంతంలో దీనికి తోడు ఎయిర్ కూలర్ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 45 డిగ్రీల దాకా వెళ్లే ఊళ్లు ఇవి. కిటికీకి బయటివైపు బిగించిన కూలర్ బయటి గాలిని లాగి గదిలోకి కొడుతుంది. సాయంత్రం ఈదురుగాలికి స్తంభాలు ఒరిగి కరెంటు పోతుంది. రెండిళ్ల మధ్య సందులో జనరేటర్ పెడతారు. ఆ కరెంటుతోనే కూలర్ వేసుకుని పిల్లలతో సహా పడుకుంటారు. సందులో తిరుగుతున్న పొగను కూలర్ రాత్రంతా పడకగదిలోకి తోడుతూనే ఉంటుంది. వాసనను కూలర్ గడ్డి చాలావరకు కప్పేస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నిద్రలో ఉన్నవారికి తలనొప్పి తెలియదు, మెలకువ రాకుండానే స్పృహ పోవచ్చు. ఇంటి సందులో జనరేటర్ నడుస్తున్నంతసేపు ఆ వైపు కూలర్ వేయడం కన్నా ప్రమాదకరమైన ఏర్పాటు మరొకటి ఉండదు.

వంద గజాల స్థలంలో కట్టుకున్న ఇంటికి ఇరవై అడుగుల ఖాళీ ఎక్కడిదని అడగడం న్యాయమే. దానికి సర్దుబాటు మార్గం ఏదీ లేదు. అంత ఖాళీ లేని ఇంటికి పెట్రోల్ జనరేటర్ తగదని, ఆ డబ్బుతో కాస్త పెద్ద ఇన్వర్టర్, మంచి బ్యాటరీ కొనుక్కోవడం మేలని చెప్పక తప్పదు.

వాన పడుతుంటే షెడ్డులోకి జరపవచ్చా?

జరపకూడదు. తడి చేతులతో, తడి నేల మీద జనరేటర్‌ను ముట్టుకుంటే షాక్ కొట్టే ప్రమాదం ఉన్నందున దాన్ని వానలో ఉంచకూడదన్నది కూడా నిజమే. ఈ రెండింటికీ విరుగుడు నాలుగు గుంజల మీద ఒక రేకు వేసి, నాలుగు వైపులా తెరిచి ఉంచడమే. గాలివాన తగ్గేవరకు ఆపేసి కూర్చోవడం ఇంకా మంచిది.

నడుస్తుందో లేదో చూడటానికి రెండు నిమిషాలు లోపలే స్టార్ట్ చేయవచ్చా?

చల్లటి ఇంజను చోకు మీద నడిచేటప్పుడు పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ అందుతాయి. అందుకే విషవాయువు అత్యధికంగా వచ్చేది ఆ మొదటి నిమిషాల్లోనే. బ్రష్ కట్టర్ అయినా, స్ప్రేయర్ అయినా వాకిట్లోకి తెచ్చాకే తాడు లాగాలి. చక్రాలు లేని బరువైన జనరేటర్‌కు ముందే చక్రాలు వేయించుకుంటే ఈ బద్ధకం చాలావరకు తీరుతుంది.

సైలెన్సరుకు పైపు తగిలించి గోడ బయటికి తీస్తే, లేదా ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే?

పెద్ద డీజిల్ జనరేటర్లను గదిలో అమర్చేటప్పుడు పొగ గొట్టాన్ని ఇంజనీర్లు లెక్క కట్టి వేస్తారు. చేతితో మోసుకెళ్లే చిన్న మిషన్లకు ఆ ఏర్పాటు ఉండదు. మెకానిక్ వెల్డింగ్ చేసి తగిలించిన పైపు కుదుపులకు అతుకు దగ్గర వదులవుతుంది. పొడుగు ఎక్కువైతే పొగ వెనక్కి తన్ని ఇంజను పాడవుతుంది. గోడలో పైపు దూరిన చోట తలుపు చెక్కో, వైరింగో తగిలితే కాలుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. లోపల పెట్రోల్ ఆవిరి ఉంటే మామూలు ఫ్యాన్ మోటరు నుంచి వచ్చే నిప్పురవ్వే దాన్ని అంటించగలదు.

షెడ్డులో కారు ఏసీ వేసుకుని కూర్చోవచ్చా?

కూర్చోకూడదు. ఎండాకాలం కరెంటు పోయినప్పుడు పిల్లలను కారులో కూర్చోబెట్టి ఏసీ వేసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. కొత్త కార్ల సైలెన్సరులో పొగను శుద్ధి చేసే పరికరం ఉంటుంది కానీ అది వేడెక్కితే గానీ పనిచేయదు, పాతబడితే సరిగా పనిచేయదు. కారును ఆరుబయటికి తీసి నిలబెట్టడం ఒక్కటే పద్ధతి.

విషవాయువు సోకిందని ఎలా గుర్తించాలి? అప్పుడు ఏం చేయాలి?

మొదట తలనొప్పి, తల తిరగడం, వికారం, కాళ్లలో సత్తువ లేకపోవడం కనిపిస్తాయి. తర్వాత అయోమయం, మాట తడబడటం, స్పృహ తప్పడం వస్తాయి. వేసవిలో ఇవే లక్షణాలను వడదెబ్బ అనో, తిన్నది పడలేదనో అనుకుని పడుకోబెట్టేస్తారు. ఇంట్లో ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి రావడం, బయటికి వస్తే తగ్గడం, లోపలికి వెళితే మళ్లీ మొదలవడం అసలైన గుర్తులు. గర్భిణులు, పసిపిల్లలు, గుండెజబ్బు ఉన్నవారు అందరికన్నా త్వరగా, ఎక్కువగా దెబ్బతింటారు.

అనుమానం వచ్చిన వెంటనే అందరూ ఆరుబయటికి రావాలి, 108కి ఫోన్ చేయాలి. మిషన్ ఆపడం కోసమో, కిటికీలు తెరవడం కోసమో లోపల ఆగిపోకూడదు. లోపల ఎవరైనా పడిపోయి కనిపిస్తే, బయటి నుంచే షటరు, తలుపులు బార్లా తెరవాలి. ఊపిరి బిగబట్టి ఒకే ఒక్క పరుగులో బయటికి లాగగలిగితే తప్ప లోపలికి దిగకూడదు, ఎందుకంటే కాపాడటానికి వెళ్లినవారు వారి పక్కనే కుప్పకూలడం ఇలాంటి ప్రమాదాల్లో సర్వసాధారణం. ఊపిరి ఆడనివారికి, శిక్షణ ఉంటే, ఆరుబయట గుండెమీద నొక్కుతూ ప్రథమచికిత్స మొదలుపెట్టాలి.

కరోనా రోజుల్లో కొన్న వేలికి పెట్టే ఆక్సిమీటర్‌ను ఇక్కడ నమ్మవద్దు. హిమోగ్లోబిన్‌కు అంటుకున్నది ఆక్సిజనా, కార్బన్ మోనాక్సైడా అన్న తేడా ఆ మామూలు యంత్రానికి తెలియదు. మనిషి ప్రాణాపాయంలో ఉన్నా అది 98 అని చూపించవచ్చు. ఆస్పత్రిలో డాక్టరుతో “మూసిన షెడ్డులో జనరేటర్ నడిచింది” అని మొదటి మాటగానే చెప్పాలి. అలా చెబితేనే వారు తగిన రక్తపరీక్ష చేయించి, మాస్కుతో పూర్తి ఆక్సిజన్ పెడతారు. మామూలు గాలి పీలుస్తూ ఉంటే రక్తంలోని విషవాయువు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, పూర్తి ఆక్సిజన్ మీద అయితే గంట, గంటన్నరలోనే తగ్గుతుంది. బయటికి వచ్చాక బాగానే ఉందనిపించినా డాక్టరుకు చూపించుకోవాలి, ఎందుకంటే మరపు, తడబాటు వంటి నరాల ఇబ్బందులు కొందరిలో రోజులు, వారాల తర్వాత బయటపడతాయి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం కొనడం అవసరమా?

షెడ్డుకు, ఇంటికి మధ్య తలుపు ఉన్న ప్రతి ఇంటికీ అవసరమే. ఆన్‌లైన్‌లో బ్యాటరీతో పనిచేసేవి దొరుకుతున్నాయి. పొగను పసిగట్టే స్మోక్ అలారం వేరు, ఇది వేరు. కొనేటప్పుడు అట్ట మీద సరిగా చదవాలి. పడకగది దగ్గర, నిద్రలో వినిపించేంత దూరంలో బిగించాలి. లోపలి సెన్సారుకు ఐదు నుంచి పదేళ్ల ఆయుష్షే ఉంటుంది కాబట్టి వెనక రాసి ఉన్న తేదీ దాటాక మార్చాలి. అలారం ఉంది కదా అని షెడ్డులో జనరేటర్ నడపడం మాత్రం తెలివితక్కువ పని.

ఇంట్లో పెట్రోల్ ఎంత ఉంచుకోవచ్చు? ఏ డబ్బాలో?

1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాకుండా సొంత వాడకానికి ఒక మనిషి దగ్గర మొత్తం 30 లీటర్ల దాకా పెట్రోల్ ఉంటే లైసెన్సు అక్కర్లేదు. అలా ఉంచుకునేది కూడా గట్టిగా మూసిన పాత్రలోనే ఉండాలి: గాజుది, పింగాణీది అయితే లీటరుకు మించకూడదు, లోహపుది అయితే 25 లీటర్లకు మించకూడదు. చట్టం అనుమతిస్తోంది కదా అని 30 లీటర్లు నిలవ చేసుకోమని ఎవరూ అనరు. ఇంటి అవసరానికి ఐదు లీటర్లు దాటనవసరం లేదు.

నీళ్ల సీసాలు, కూల్‌డ్రింకు సీసాలు, నూనె క్యాన్లు పనికిరావు. పలుచటి ప్లాస్టిక్ ఎండకు ఉబ్బుతుంది, మూత బిగుతు సడలుతుంది, ఆవిరి కారుతూనే ఉంటుంది. ఇంకా ముఖ్యమైన విషయం ఏమిటంటే, ఎండలో ఆడి వచ్చిన పిల్లవాడు సీసాను చూస్తే నీళ్లే అనుకుంటాడు. రేకు డబ్బాను నిండా పోయకుండా వేడికి వ్యాకోచించడానికి కాస్త ఖాళీ ఉంచి, మూత మీద పెయింటుతో పెద్దగా ‘పెట్రోల్’ అని రాసి, పిల్లలకు అందనంత ఎత్తులో కాకుండా (పైనుంచి పడితే అదో ప్రమాదం) నేల మీద తాళం వేసిన పెట్టెలో, ఇంటి గోడకు దూరంగా, నీడలో ఉంచాలి. బంకులో నింపించేటప్పుడు డబ్బాను బండి మీద కాకుండా నేల మీద పెట్టాలి. అలా పెడితే స్థిర విద్యుత్తు వల్ల నిప్పురవ్వ పుట్టే అవకాశం తగ్గుతుంది.

పెట్రోల్ ఆవిరి అంత ప్రమాదమా? మంట దగ్గరికి తేకపోతే చాలదా?

మంటను పెట్రోల్ దగ్గరికి తీసుకెళ్లనక్కరలేదు, ఆవిరే మంట దగ్గరికి వెళుతుంది. పెట్రోల్ సున్నాకు నలభై డిగ్రీలు కిందనున్న చలిలో కూడా అంటుకునేంత ఆవిరిని వదులుతుంది. మన ఎండల్లో ఎంత వదులుతుందో ఊహించుకోవచ్చు. ఆ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. కార్బన్ మోనాక్సైడ్‌లా గదంతా కలిసిపోకుండా నేలబారున పాకి, షాబాద్ బండల మీదుగా గడప దాటి, మెట్లు దిగి, మోరీ గుండా కూడా ప్రయాణిస్తుంది. గాలిలో అది దాదాపు ఒకటిన్నర శాతం ఉంటే చాలు, రవ్వ తగిలితే భగ్గుమంటుంది.

ఇప్పుడు మన షెడ్డులో ఏమేం ఉంటాయో చూద్దాం. ఒక మూల ఇన్వర్టర్, దాని బ్యాటరీ ఉంటాయి. చార్జింగ్ అవుతున్నప్పుడు ఆ బ్యాటరీ నుంచి మండే హైడ్రోజన్ వస్తుంది. గోడకు బోరు మోటరు స్టార్టరు ఉంటుంది. అది ఆన్ అయిన ప్రతిసారీ లోపల రవ్వ లేస్తుంది. పాత ఫ్రిజ్ ఉంటే అదీ అంతే. పక్కనే నీళ్లు కాగబెట్టే కట్టెల పొయ్యి ఉంటుంది. గడప మీద సాయంత్రం దీపం పెడతారు. ఇవన్నీ నేలకు దగ్గరగా ఉన్నవే.

దసరా రోజు సంగతి విడిగా చెప్పాలి. ఆ రోజు బండ్లు, మిషన్లు అన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండలు వేసి, షెడ్డులోనే కర్పూరం వెలిగించి హారతి ఇస్తాం. తుడిచేటప్పుడు పెట్రోల్‌లో ముంచిన గుడ్డతో ఆయిల్ మరకలు తీయడం, ఆ గుడ్డను అక్కడే పడేయడం కూడా ఆ ఉదయమే జరుగుతుంది. పూజ మానమని కాదు. తుడిచే పనిని ముందురోజు ఆరుబయట డీజిల్‌తోనో సబ్బునీళ్లతోనో ముగించి, మిషన్లను వాకిట్లోకి తెచ్చి, పెట్రోల్ డబ్బాను పెరట్లోకి పంపి, అప్పుడు హారతి ఇస్తే సరిపోతుంది.

వేడిగా ఉన్న ఇంజనులో పెట్రోల్ పోయవచ్చా?

జనరేటర్లలో ట్యాంకు సరిగ్గా ఇంజను పైనే ఉంటుంది, పక్కనే సైలెన్సరు ఉంటుంది. రాత్రి పెళ్లి పందిట్లోనో, బోనాల పండుగలోనో లైట్లు ఆరిపోకూడదన్న తొందరలో నడుస్తున్న జనరేటర్‌లోనే పోసేయడం చాలాచోట్ల కనిపిస్తుంది, పోసేవారి చేతిలో ఫోన్ టార్చి, పక్కవారి నోట్లో బీడీ కూడా కనిపిస్తాయి. ఒలికిన పెట్రోల్ సైలెన్సరు మీద పడితే మంట పోసే చేతి దాకా, చేతిలోని డబ్బా దాకా వస్తుంది. మిషన్ ఆపి పదిహేను ఇరవై నిమిషాలు చల్లారనివ్వాలి, గరాటా వాడాలి, ట్యాంకును మెడ దాకా నింపకూడదు, ఒలికింది ఆరిపోయాకే స్టార్ట్ చేయాలి. కరెంటు పోయే సూచన ఉన్న సాయంత్రం వెలుతురులోనే ట్యాంకు నింపి పెట్టుకుంటే రాత్రి ఈ తొందర ఉండదు.

జనరేటర్‌ను ఇంటి ప్లగ్‌లో పెట్టి ఇల్లంతా వెలిగించవచ్చా?

రెండు చివరలా పిన్నులున్న వైరుతో జనరేటర్‌ను గోడ సాకెట్‌కు కలపడం నేరపూరితమైన నిర్లక్ష్యం. మెయిన్ ఆపడం మరిచిపోతే ఆ కరెంటు మీటరు దాటి వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ రెండు దిక్కులా పనిచేస్తుంది: 11 వేల వోల్టులను మన ఇళ్లకు తగ్గించి పంపినట్టే మన ఇంటి నుంచి వచ్చిన 230 వోల్టులను పెంచి లైనులోకి పంపుతుంది. సరఫరా ఆపేశారన్న ధీమాతో స్తంభం ఎక్కిన లైన్‌మన్ ఆ తీగనే ముట్టుకుంటాడు. ఆ వైరు ఒక కొస ఊడితే దాని పిన్నుల మీద కరెంటు బయటికే ఉంటుంది, పిల్లలు పట్టుకోవచ్చు.

లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో ఛేంజోవర్ స్విచ్ పెట్టించుకోవాలి. ఈ స్విచ్ ఒక సమయంలో లైను కరెంటునో జనరేటర్ కరెంటునో ఏదో ఒకదాన్నే ఇంటికి కలుపుతుంది. అది పెట్టించుకునేవరకు ఫ్రిజ్, ఫ్యాను వంటివాటిని తగినంత మందమున్న ఎక్స్‌టెన్షన్ వైరుతో నేరుగా జనరేటర్ సాకెట్‌కే పెట్టుకోవచ్చు. తెగిన తీగలు, స్తంభాల గురించి దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థకు 1912 నంబరులో చెప్పాలి.

బావిలో మోటరు మునిగితే నీళ్లు తోడటానికి పెట్రోల్ పంపును బావిలోకి దించవచ్చా?

ఇది షెడ్డు ప్రశ్న కాకపోయినా ఈ జిల్లాల్లో పాత వ్యవసాయ బావులు ఇంకా ఉన్నాయి కాబట్టి చెప్పాల్సిందే. దించకూడదు. నలభై అడుగుల లోతు బావి అంటే షటరు కూడా లేని షెడ్డు. పంపు గట్టు మీద ఉండి పైపు మాత్రమే లోపలికి వెళ్లాలి. ఏడెనిమిది మీటర్ల కంటే లోతులో ఉన్న నీటిని గట్టు మీది పంపు పైకి లాగలేదు కాబట్టి అక్కడ కరెంటుతో నడిచే సబ్‌మెర్సిబుల్ ఒక్కటే దారి. లాంతరు దించి ఆరిపోలేదు కదా అని దిగే పాత పద్ధతి ఆక్సిజన్ బాగా తగ్గిన చోటును చూపగలదేమో కానీ కార్బన్ మోనాక్సైడ్‌ను చూపలేదు. మనిషిని చంపగల మోతాదులో ఆ వాయువు ఉన్నా దీపం చక్కగా వెలుగుతూనే ఉంటుంది.

నోటితో పైపు పీల్చి పెట్రోల్ తీయడం వల్ల ఏమవుతుంది? పిల్లలు తాగితే ఏం చేయాలి?

పొట్టలోకి పోయిన పెట్రోల్ కన్నా ఊపిరితిత్తుల్లోకి జారిన కొన్ని చుక్కలే ఎక్కువ హాని చేస్తాయి, న్యుమోనియా లాంటి వాపు వస్తుంది. అందుకే తాగినవారికి ఉప్పునీళ్లు పోసి వాంతి చేయించకూడదు. వాంతిలో పైకి వచ్చిన పెట్రోల్ మళ్లీ ఊపిరి గొట్టంలోకి దిగుతుంది. పెట్రోల్ పడిన బట్టలు తీసేసి, చర్మం కడిగి, నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. బండి నుంచి పెట్రోల్ తీయడానికి చేతితో నొక్కే చిన్న పంపు వాడాలి. దాని ధర ఒక్కసారి ఆస్పత్రికి వెళ్లొచ్చే ఆటో కిరాయికి మించదు.

మంట లేస్తే ఏం చేయాలి?

నీళ్లు పోయకూడదు. పెట్రోల్ నీళ్ల మీద తేలి, నీళ్లు పారిన మేరకు మంటను మోసుకెళుతుంది. మంటలార్పే నాలుగు లేదా ఆరు కిలోల ఏబీసీ పొడి సిలిండర్‌ను షెడ్డు లోపలి గోడకు కాకుండా బయటికి వచ్చే దారి పక్కన తగిలించాలి. పిన్ను లాగి, మంట మొదలుకు గురిపెట్టి, అటూ ఇటూ ఊపుతూ కొట్టాలి. పొడి పదిహేను ఇరవై సెకన్లకు మించి రాదు. అప్పటికీ ఆరకపోతే వదిలేసి బయటికి వచ్చి 101కి ఫోన్ చేయాలి. ఆరుతుందో లేదో అనిపించినప్పుడు సిలిండర్‌ను ముట్టుకోకుండానే బయటికి రావడం పిరికితనం కాదు. ఇసుక బకెట్లు కొద్దిపాటి ఒలుకుకు పనికొస్తాయి. కాలిన చోట ఇరవై నిమిషాలు కుళాయి నీళ్లు ధారగా పోయాలి. టూత్‌పేస్టు, పసుపు, ఇంకు పూయకూడదు.

డీజిల్ మిషన్లు, వంటగ్యాస్‌తో నడిచే జనరేటర్లు అయితే భయం లేదా?

డీజిల్ అంత సులువుగా అంటుకోదు, దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ కూడా తక్కువ. తక్కువే కానీ లేకపోలేదు, మూసిన చోట అదీ చంపుతుంది. గ్యాస్ మిషన్లూ కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి. పైగా వంటగ్యాస్ కూడా గాలి కంటే బరువైనదే, లీకైతే పెట్రోల్ ఆవిరిలాగే నేల మీద పేరుకుంటుంది. వాసన వస్తే స్విచ్‌లు వేయకుండా, తీయకుండా బయటికి వచ్చి గ్యాస్ లీకేజీ అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయాలి.

బ్రష్ కట్టర్, వీడర్ బ్లేడుకు చుట్టుకున్న గడ్డి తీసేటప్పుడు ఇంజను ఆపితే చాలా?

ఆపి, ప్లగ్గు క్యాపు కూడా పీకాలి. వేడి ఇంజనులో బ్లేడును చేత్తో తిప్పితే ఒక్క చుట్టు తిరిగే అవకాశం ఉంది, వేళ్లు పోవడానికి ఆ ఒక్క చుట్టు చాలు.

పంట పని అయిపోయాక నాలుగు నెలలు మిషన్‌ను ఎలా దాచాలి? మిగిలిన పెట్రోల్ ఏం చేయాలి?

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. నిలవ ఉంటే నీళ్లు అడుగున విడిపోయి కార్బురేటర్ తుప్పు పడుతుంది, పాత మిషన్లలో రబ్బరు పైపులు మెత్తబడి చెమ్మగిల్లుతాయి. అక్కడి నుంచే షెడ్డులోకి కారడం మొదలవుతుంది. కాబట్టి ఆరుబయట ట్యాంకు ఖాళీ చేసి, కాక్ మూసి, కార్బురేటర్‌లో మిగిలింది అయిపోయి ఇంజను తనంత తాను ఆగేవరకు నడిపి, చల్లారాక లోపల పెట్టాలి. మళ్లీ తీసేటప్పుడు ఎలుకలు పైపు కొరికాయేమో వేలితో తడిమి చూడాలి.

తీసిన పెట్రోల్ తాజాగా ఉండి, టూటీ ఆయిల్ (టూస్ట్రోక్ ఇంజన్లకు పెట్రోల్‌లో కలిపే ఆయిల్) కలపనిదైతే ఆ వారంలోనే మోటరుసైకిల్‌లో పోసుకోవచ్చు. ఆయిల్ కలిపింది మరో టూస్ట్రోక్ మిషన్‌కే పనికొస్తుంది. రంగు మారి, పులిసిన వాసన వస్తున్నదాన్ని మోరీలో పారబోయకూడదు. ఆవిరి మూడో ఇంటి బాత్రూము జాలీ నుంచి పైకి వస్తుంది. బావి దగ్గర, బోరు దగ్గర నేలలో పోసినా నీళ్లు చెడతాయి. దాన్ని మూత బిగించిన రేకు డబ్బాలో మిషన్ సర్వీసు చేసే మెకానిక్‌కు అప్పగించాలి. చెత్తకు నిప్పు పెట్టడానికి అసలు వాడకూడదు.